ఒక ఊరు – ఒక ఇల్లాలు – ఇద్దరు మార్టిన్లు!

డబుల్ యాక్షన్ సినిమాలు మనకు కొత్తేమీ కాదు. 1964లో ‘రాముడు-భీముడు’ ఆడిన నాటినుంచి ఎన్ని చూశామో లెక్కలేదు. ఒకడి స్థానంలో ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. కన్నతల్లికి తెలీదు, కట్టుకున్న పెళ్ళానికి తెలీదు. హాల్లో కూర్చున్న మనకి మాత్రం తెలుస్తుంది. అప్పుడు పక్కసీటు పెద్దమనిషి, “ఇలాంటివి సినిమాల్లోనేగానీ నిజంగా ఎక్కడన్నా జరుగుతాయా?” అని సణుగుతాడు.

జరిగింది మహాశయా! ఫ్రాన్సు దేశంలో, పిరనీస్ కొండల పాదాల దగ్గర, ఆర్తిగా అనే రైతుల పల్లెలో జరిగింది. ఇప్పటికి నాలుగున్నర శతాబ్దాలు దాటింది. కోర్టు రికార్డుకెక్కిన కథ. అందులో హీరో ఎవరు, విలన్ ఎవరు అన్నది తేల్చుకోలేక జడ్జీలే తల పట్టుకున్నారు. ఆ ఊరు చూసి వచ్చాను. అదే మీకు చెప్పబోతున్నాను.

నాకీ పిచ్చి పట్టించింది ఒక సినిమా. ‘మార్టిన్ గేర్ తిరిగి రాక’ అని 1982లో వచ్చిన ఫ్రెంచి చిత్రం. జెరార్ దెపార్‌ద్యూ, నతాలీ బాయ్ ముఖ్య పాత్రధారులు, దర్శకుడు డానియెల్ వీన్యె. డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఫిల్మ్ క్లబ్బు వాళ్ళు వేస్తే చూశాను. ప్రొజెక్టరు రెండుసార్లు ఆగిపోయింది. అయినా ఒక్కరూ లేవలేదు. స్క్రీన్‌ప్లే రాసినవారిలో ఒకరు జాఁ-క్లోద్ కారియేర్. ఈ పేరు మనవాళ్ళకి పరాయిది కాదు. పీటర్ బ్రూక్ 1985లో అవిన్యోఁ దగ్గర రాతి క్వారీలో రాత్రంతా ఆడించిన ‘మహాభారతం’ నాటకం రాసింది ఆయనే. అందులో ద్రౌపది మన మల్లికా సారాభాయ్. మారువేషాలు, అజ్ఞాతవాసాలు ఆయనకి బాగా వంటబట్టాయన్నమాట!

తులూజ్ నగరంలో విమానాల కంపెనీలో పనిచేసే తెలుగు ఇంజనీరు ఒకాయన నాకు మిత్రుడు. అక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆదివారం పూట ఆయన కారులో బయల్దేరాం. తులూజ్‌ని గులాబీ నగరం అంటారు. ఊరంతా ఎర్రటి ఇటుక కట్టడాలే. నగరం దాటి దక్షిణంగా లెజ్ అనే చిన్న ఏటి లోయలోకి దిగితే రెండువైపులా పొద్దుతిరుగుడు చేలు, మొక్కజొన్న, మధ్య మధ్య పశువుల మేతబీళ్ళు. లెజా, ల ఫోసా అని ఒకదాని తరువాత ఒకటి చిన్న ఊళ్ళు. తరువాత ఆర్తిగా.

నిజం చెప్పొద్దూ, చూడగానే నీరసం వచ్చింది. కొన్ని వందల జనాభా. ఒక చర్చి, కొన్ని పాత ఇళ్ళు, ఏరు మీద వంతెన. ఆదివారం మధ్యాహ్నం కదా, కుక్క తప్ప ఎవరూ కనిపించలేదు. పైగా సినిమా షూటింగు జరిగింది ఇక్కడ కాదు! ఇదే ఆరియేజ్ జిల్లాలో, కొండల్లో ఇంకో పల్లెలో తీశారు. “దీనికోసమా నన్ను తెల్లారగట్ల లేపావు?” అన్నట్టు చూశాడు మిత్రుడు. నేనేమో ఇళ్ళ కప్పులకేసి చూస్తున్నాను. పెంకులు. అసలు కథ ఆ పెంకుల దగ్గరే మొదలవుతుంది.

1527లో పడమటి సముద్రపు ఒడ్డున ఆందాయ్ అనే ఊరినుంచి ఒక బాస్క్ కుటుంబం పిల్లాపాపలతో వారాల తరబడి నడిచి ఈ లోయకు వచ్చింది. పెద్దాయన సాంషి దగేర్, ఆయన భార్య, తమ్ముడు పియేర్, మూడేళ్ళ కొడుకు మార్టిన్. ఏటి పక్కన మంచి బంకమట్టి ఉంది. పెంకుల బట్టీ పెట్టారు, పొలాలు కొన్నారు, ‘దగేర్’ అన్న ఇంటిపేరుని ఇక్కడివాళ్ళ నోటికి తగ్గట్టు ‘గేర్’ చేసుకున్నారు. ఆర్తిగాకి అప్పట్లో ఒక గొప్ప ఉంది. ఊరిమీద జమీందారు లేడు. రాజుగారికి తప్ప ఎవరికీ తలవంచక్కర్లేదు. గోధుమ, ఓట్లు, కొర్రల వంటి చిరుధాన్యం, కాస్త ద్రాక్షతోట, గొర్రెలు. ఎవరి పొలం ఏదో, ఎవరి మేక ఎవరి చేలో పడిందో అందరికీ తెలిసిన ఊరు.

1538లో మార్టిన్‌కి పద్నాలుగేళ్ళు రాకుండానే, ఆ ఊరి మంచి కుటుంబంలోని పిల్ల బెర్ట్రాండ్ ద రోల్స్‌తో పెళ్ళిచేశారు. పెళ్ళికూతురు ఇంకా చిన్నది. ఎనిమిదేళ్ళదాకా కాపురం కాపురం కాలేదు. ఊరంతా గుసగుసలు. ఎవరో చేతబడి చేశారన్నారు. విడిచి వేరే మనువు చేసుకోమని పుట్టింటివాళ్ళు పోరితే బెర్ట్రాండ్ ఒప్పుకోలేదు. చివరికి ఒక ముసలావిడ ఉపాయం చెప్పిందట. నాలుగు పూజలు చేయించి, ప్రసాదం, ప్రత్యేకంగా చేసిన రొట్టెలు తినిపించారు. కొడుకు పుట్టాడు. తాతపేరే పెట్టారు, సాంషి అని.

హమ్మయ్య అనుకునేలోగా 1548లో మార్టిన్ తండ్రి గాదెలోంచి కాస్త ధాన్యం దొంగిలించాడు. బాస్క్ ఇళ్ళలో దొంగతనమంటే, అందులోనూ ఇంటివాడి దొంగతనమంటే క్షమించే నేరం కాదు. తండ్రి ముఖం చూడలేక ఊరు విడిచి వెళ్ళిపోయాడు. చెప్పాపెట్టకుండా. పెళ్ళాం, చంటిపిల్లాడు ఇక్కడే.

అక్కడ బెర్ట్రాండ్ పరిస్థితి చూడండి. విధవ కాదు, సుమంగళి కాదు. మొగుడు చచ్చిపోయాడన్న రుజువు లేకుండా చర్చి చట్టం మారుమనువు ఒప్పుకోదు. అత్తమామలు పోయారు. పోతూ పోతూ తండ్రి కొడుకుని క్షమించి వారసుడిగా రాసిపోయాడు. ఆస్తి పెత్తనం బాబాయి పియేర్ చేతికి వచ్చింది. ఆ పియేరే బెర్ట్రాండ్ తల్లిని, అప్పటికి ఆవిడ భర్త పోయింది లెండి, పెళ్ళి చేసుకున్నాడు. అంటే చినమామగారే సవతితండ్రి అయ్యాడన్నమాట! ఎనిమిదేళ్ళు గడిచాయి.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. మా రెండో బాబాయి ఇలాగే, పెళ్ళయిన మూడో ఏట, ఏదో బాకీ విషయంలో తాతయ్య చెయ్యి చేసుకున్నాడని రాత్రికి రాత్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళు. పన్నెండో ఏడు నిండితే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసెయ్యాలని పెద్దవాళ్ళు ముహూర్తం కూడా ఆలోచించారు. ఈలోగా ఒక సాయంత్రం గడ్డంతో, నెరిసిన జుట్టుతో ఒక మనిషి వీధి అరుగు మీద వచ్చి కూర్చున్నాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నేను పుట్టకముందే వెళ్ళిపోయిన మనిషి నాకేం తెలుసు? ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే నేను పిన్ని కొంగు పట్టుకుని “నిజంగా బాబాయేనా?” అని అడిగాను. పిన్ని జవాబు చెప్పలేదు. వంటింట్లోకి పోయి విస్తరి వేసింది. ఆ జవాబు చెప్పకపోవడం ఈనాటికీ నా మనసులో ఉండిపోయింది. ఆర్తిగా దాకా నన్ను లాక్కొచ్చింది సినిమా ఒక్కటే కాదేమో.

సరే, కథలోకి వద్దాం. 1556 వేసవిలో పక్క ఊరి సత్రంలో ఒకతను దిగాడు. నేను మార్టిన్ గేర్‌ని అన్నాడు. ముందు నలుగురు చెల్లెళ్ళూ పరుగెత్తారు. చూసి, కౌగలించుకుని, వదిన్ని తీసుకొచ్చారు. బెర్ట్రాండ్ మొదట వెనక్కి తగ్గింది. అప్పుడతను పాత ముచ్చట్లు ఎత్తాడు. నేను వెళ్ళేటప్పుడు పెట్టెలో పెట్టిన తెల్ల మేజోళ్ళున్నాయే, తెల్లటి సిల్కు లైనింగువి, అవి తీసుకురా అన్నాడు. ఉన్నాయి ఆ పెట్టెలో! ఇంకేం, ఊరు ఊరంతా పేరుపేరునా పలకరిస్తూ వచ్చాడు. కాపురం మొదలైంది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, ఒకటి దక్కలేదు. వెళ్ళిన మార్టిన్ ముభావి, వచ్చిన మార్టిన్ మాటకారి. పొలం పనీ, బేరమూ బాగా చేస్తున్నాడు. ఇంటర్వెల్ కార్డు వెయ్యాలంటే ఇక్కడే వెయ్యాలి.

ఆ కాలపు రైతు ఇంట్లో నిలువుటద్దం లేదు, ఫొటో సంగతి చెప్పక్కర్లేదు. మనిషి ముఖాన్ని దాచిపెట్టేది ఎదుటివాళ్ళ జ్ఞాపకమే. ఎనిమిదేళ్ళలో ఆ జ్ఞాపకం ఎంత అరుగుతుందో మీరే ఆలోచించండి.

గొడవ ముఖం దగ్గర రాలేదు, డబ్బు దగ్గర వచ్చింది. ఇన్నేళ్ళు నా పొలం నువ్వు చేశావు, లెక్క చెప్పు అని బాబాయి పియేర్‌ని నిలదీశాడు. కొంత భూమి అమ్మేశాడు కూడా. ఆందాయ్‌లోని పిత్రార్జితం సైతం అమ్ముతానన్నాడు. బాస్క్ వాళ్ళకి తాతల భూమి అమ్మడమంటే తల నరుక్కున్నంత పని. పియేర్‌కి అనుమానం తగిలింది. ఒకరోజు బాబాయీ, ఆయన అల్లుళ్ళూ కర్రలతో మీదపడితే బెర్ట్రాండ్ తన ఒళ్ళు అడ్డంపెట్టి మొగుణ్ణి కాపాడింది. గుర్తుపెట్టుకోండి, తన ఒళ్ళు అడ్డంపెట్టి!

1559లో ఊరి మీదుగా పోతున్న ఒక సిపాయి ఇంకో బాంబు పేల్చాడు. అసలు మార్టిన్ గేర్ నాకు తెలుసు, సెయింట్ క్వెంటిన్ యుద్ధంలో కాలు పోగొట్టుకుని చెక్కకాలుతో తిరుగుతున్నాడు అన్నాడు. మరి ఇంట్లో ఉన్నవాడికి రెండు కాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి! పియేర్ ఆరా తీస్తే తేలింది. వీడు ఆర్నో దు తిల్ అనే గాస్కనీ కుర్రాడు, ముద్దుపేరు ‘పాన్‌సెట్’, అంటే బొజ్జోడు. తిండీ తాగుడూ జూదమూ అంటే మహా ఇష్టం, జ్ఞాపకశక్తి అమోఘం.

ఈలోగా ఇంకెవరిదో ఇల్లు తగలబెట్టాడన్న కేసులో అతన్ని తులూజ్ జైల్లో పెట్టారు. విడుదలై ఇంటికొచ్చిన రాత్రి బెర్ట్రాండ్ కాళ్ళు కడిగి, తెల్ల చొక్కా ఇచ్చి, పక్కలో చోటిచ్చింది. తెల్లారేసరికి పియేర్ మనుషులు అతన్ని కట్టి తీసుకుపోయారు. ఎవరి పేరుమీద? బెర్ట్రాండ్ పేరుమీద! తరువాత ఆమె ఆ ఫిర్యాదుకి ఒప్పుకుంది. బలవంతమా, భయమా, ముందుజాగ్రత్తా? జైలుకి డబ్బూ బట్టలూ మాత్రం ఆమే పంపింది.

1560లో ర్యో అనే బిషప్పుగారి పట్నంలో విచారణ. వెళ్ళి చూశాం. ఎనిమిది మూలల ఇటుక గోపురంతో పెద్ద చర్చి ఉంది. ఊళ్ళోకి నూట యాభైమంది సాక్షులు వచ్చారట! ముప్పై నలభైమంది ఇతను మార్టినే అన్నారు. అంతమందీ కాదన్నారు. మిగిలినవాళ్ళు తేల్చలేమన్నారు. నుదుటి మీద గాటు, కుడిచేతి మీద మూడు పులిపిర్లు, ఎడమ కంట్లో నెత్తుటి చుక్క – మార్టిన్ గుర్తులన్నీ ఉన్నాయని కొందరు. అసలువాడు పొడుగు, బక్కపలచన, నలుపు, వీడు పొట్టి, దిట్టం అని కొందరు. నాకు నచ్చిన సాక్షి మాత్రం చెప్పులు కుట్టేవాడు. మార్టిన్ పాదం పన్నెండు కొలత, వీడిది తొమ్మిది అన్నాడు. పాదం కుదించుకుపోతుందా? మన డిటెక్టివ్ సినిమాల్లో ఈ పాయింటు ఎవరూ వాడుకోలేదెందుకో!

అసలు ఘట్టం వేరే ఉంది. ముద్దాయి బెర్ట్రాండ్ వైపు తిరిగాడు. నేను నీ మొగుణ్ణి కానని ప్రమాణం చెయ్యి, సంతోషంగా ఉరికంబం ఎక్కుతాను అన్నాడు. ఆమె ప్రమాణం చెయ్యలేదు. నోరు విప్పలేదు.

ర్యో జడ్జి మరణశిక్ష వేశాడు. ముద్దాయి తులూజ్ పార్లమెంటుకి – అప్పటి పై కోర్టుని అలాగే అనేవారు – అప్పీలు చేశాడు. కేసు పరిశీలించిన జడ్జి జాఁ ద కొరాస్ మహాపండితుడు. ఎంత తరచి అడిగినా ముద్దాయి తడబడలేదు. పెళ్ళిరోజు ఎవరేం కట్టుకున్నారో కూడా చెప్పాడు. అనుమానం ఉన్నప్పుడు నేరస్థుణ్ణి వదిలినా ఫరవాలేదు, నిరపరాధిని చంపకూడదనుకుని, అతన్ని మార్టిన్‌గా ఒప్పుకునే దాకా వచ్చారు. సరిగ్గా అప్పుడు, జూలై ఆఖర్లో, కోర్టు వసారాలో టక్... టక్... అని చప్పుడు!

చెక్కకాలి మనిషి వచ్చాడు.

ఏ రచయితా రాయడానికి సాహసించని క్లైమాక్స్ ఇది. పన్నెండేళ్ళు స్పెయిన్‌లో గడిపాడు. కార్డినల్ ఇంట్లో నౌకరీ చేశాడు, 1557లో సెయింట్ క్వెంటిన్ దగ్గర స్పెయిన్ తరఫున, అంటే సొంత రాజుమీదే, పోరాడి కాలు పోగొట్టుకున్నాడు. తమాషా ఏమిటంటే, కొరాస్ ఇద్దర్నీ పాత సంగతులు అడిగితే నకిలీవాడే అసలువాడికన్నా బాగా జవాబులిచ్చాడు! చివరికి చెల్లెళ్ళని పిలిచారు. పెద్దది చూసి వెంటనే మెడ కౌగలించుకుని ఏడ్చింది. బెర్ట్రాండ్ వచ్చింది. వణుకుతూ అతని కాళ్ళమీద పడి క్షమాపణ అడిగింది. చెల్లెళ్ళని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మార్టిన్ పెళ్ళాన్ని చూసి కరగలేదు. వాళ్ళని సాకుగా చెప్పకు, మొగుణ్ణి పెళ్ళాం పోల్చుకోవద్దా, ఈ ఇంటికి పట్టిన గతికి నువ్వే కారణం అన్నాడట. పన్నెండేళ్ళు చెప్పకుండా పోయిన మొనగాడు!

1560 సెప్టెంబరు 12న తీర్పు. 16న ఆర్తిగాలో చర్చి ముందు చొక్కాతో, వట్టికాళ్ళతో, మెడలో తాడుతో, చేతిలో వెలిగే దివిటీతో ఆర్నోని మోకరింపజేశారు. దేవుణ్ణీ, రాజునీ, మార్టిన్‌నీ, బెర్ట్రాండ్‌నీ క్షమాపణ కోరాడు. నిజం ఒప్పుకున్నాడు. దారిలో ఇద్దరు మనుషులు తనని చూసి మార్టిన్ అనుకుని పలకరించడంతో ఈ ఆలోచన పుట్టిందనీ, ఆ తరువాత సమాచారం కూడబెట్టాననీ చెప్పాడు. మార్టిన్ ఇంటిముందే ఉరితీసి శవాన్ని తగలబెట్టారు. చనిపోయే ముందు మార్టిన్‌ని వేడుకున్నది ఒక్కటే: బెర్ట్రాండ్‌తో కఠినంగా ఉండవద్దని.

ఆ చర్చి ముందే నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. పెరట్లోంచి ఒకావిడ వచ్చి, ఇంత దూరంనుంచి మార్టిన్ గేర్ కోసమే వచ్చారా అని మిత్రుణ్ణి ఫ్రెంచిలో అడిగింది. అవునంటే నవ్వి చేతిలోని టొమాటోలు రెండు మాకిచ్చి వెళ్ళిపోయింది. మీరైతే ఏ మార్టిన్ పక్షం అని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. అడగలేదు.

కొరాస్ 1561లో ఈ కేసుని పుస్తకంగా అచ్చువేస్తే జనం ఎగబడి చదివారు. పాపం, ఆయన గతీ ఏమంత బాగాలేదు. ప్రొటెస్టెంటు కావడంచేత 1572 మారణకాండలో తులూజ్‌లోనే చంపేశారు. వ్యాసకర్త మోంతేన్ 1588లో ఈ కేసు ప్రస్తావించి, ఇంత తేలని విషయంలో మనిషిని ఉరితియ్యడం తొందరపాటేనని తేల్చాడు. నా ఓటూ మోంతేన్‌కే. 1941లో అమెరికాలో జానెట్ లూయిస్ నవల రాసింది. 1993లో హాలీవుడ్ ‘సోమర్స్‌బీ’ పేరుతో తమ అంతర్యుద్ధం నాటికి మార్చి, రిచర్డ్ గేర్, జోడీ ఫాస్టర్లతో తీసింది. చూడొచ్చుగానీ పెంకుల బట్టీ వాసన రాలేదు.

1982 సినిమాకి చరిత్ర సలహాదారుగా పనిచేసిన నటాలీ జెమన్ డేవిస్ అనే ఆచార్యురాలు, సినిమాలో పట్టని సందేహాలన్నీ 1983లో పుస్తకంగా రాసింది. బెర్ట్రాండ్‌కి మొదటినుంచీ తెలుసు, తెలిసే ఆ కాపురాన్ని కోరుకుంది అని ఆవిడ వాదన. రుజువేదీ అని 1988లో రాబర్ట్ ఫిన్లే అనే చరిత్రకారుడు ఎదురు తిరిగాడు. డేవిస్ 2023లో కన్నుమూసింది. వాదన మాత్రం తెగలేదు.

తిరిగి తులూజ్ వచ్చిన రాత్రి పిన్నికి ఫోన్ చేశాను. బాబాయి పోయి ఆరేళ్ళయింది. కథంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఊ కొడుతూ విన్నది. చివర్లో తెగించి, “ఆరోజు నేనడిగితే నువ్వు జవాబు చెప్పలేదు పిన్నీ” అన్నాను.

“ఏం చెప్పనురా? చారు పోస్తే పక్కకి నెట్టి ముందు మజ్జిగన్నం అడిగాడు. అదివరకెప్పుడూ అలా తినలేదు. పదకొండేళ్ళు ఎక్కడెక్కడ తిన్నాడో,” అంది. కాసేపాగి, “అది సరేగానీ, ఆ చచ్చిపోయినవాడి కూతురి సంగతేం చేశారు?” అని అడిగింది.

“ఆ పిల్ల సక్రమ సంతానమేనని కోర్టు తేల్చింది. వాడి ఆస్తి పిల్లకే ఇప్పించారు.”

“పోన్లే,” అంది పిన్ని.